లిఫ్ట్ ఎక్కని తొమ్మిదో తరగతి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా, ఒక సందు చివర ఉన్న ఇంగ్లీష్ మీడియం బడిలో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. చాలా ఏళ్ళుగా ఇదే బడి, ఇదే సబ్జెక్టు. మా పిల్లల్లో ఎక్కువమంది తాతల ఊళ్ళు నల్లగొండ జిల్లాలో ఉంటాయి. తండ్రుల్లో ఆటో నడిపేవాళ్ళున్నారు, ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నవాళ్ళున్నారు, తెల్లవారుజామునే లేచి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోయేవాళ్ళున్నారు. గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఒకే బెంచీ మీద 'ఏంది' అనే పిల్ల, 'ఏంటి' అనే పిల్ల పక్కపక్కన కూర్చుని ఒకే టిఫిన్ డబ్బాలో తింటారు.

మా పుస్తకంలో బానిసత్వ నిర్మూలన ఉద్యమానికి ఇచ్చింది చిన్న పేరా. ఒక పీరియడ్‌లో చదివించి, వెనక ఉన్న ప్రశ్నకు జవాబు రాయించి ముందుకు పోవచ్చు. నేను అలా ఎప్పుడూ చేయలేదు. చరిత్రలో నాకు బాగా నచ్చే చోటు అదే. ఓటు లేనివాళ్ళు, అధికారం లేనివాళ్ళు, సముద్రం అవతల జరిగే అన్యాయాన్ని కళ్ళతో ఎన్నడూ చూడనివాళ్ళు కూడా కలిసి, బాగా లాభాలొచ్చే ఒక వ్యాపారాన్ని ఆపించిన కథ అది. దాన్ని పిల్లలకు పట్టేలా చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మొన్నటి తొమ్మిదో తరగతి బ్యాచ్‌కు ఆ ఒక్క పేరా కోసం చాలా పీరియడ్లు తీసుకున్నాను. అది తరగతి గది దాటి ఎంత దూరం పోతుందో మొదలుపెట్టినప్పుడు నాకు తెలియదు.

మొదటి రోజు ఇంటి నుంచి పెద్ద ఫ్లాస్క్ నిండా చాయ్ కాచి తీసుకెళ్ళాను. చక్కెర వేయలేదు. కాగితం కప్పుల్లో కొంచెం కొంచెం పోసి అందరికీ ఇచ్చాను. ఒక గుక్క తాగగానే ముఖాలన్నీ ముడుచుకున్నాయి.

"మేడం, చక్కెర మర్చిపోయిండ్రు," అన్నాడు కిటికీ పక్కన కూర్చునే అబ్బాయి. వాళ్ళ నాన్నది ఎలక్ట్రికల్ షాపు. ఏ మాటైనా ముందుగా అనేది వాడే.

"మర్చిపోలేదు. గీ ప్యాకెట్ల ఉన్నది," అని చక్కెర ప్యాకెట్ టేబుల్ మీద పెట్టాను. "కావాల్నంటే ఏసుకోండి. కానీ ముందుగాల ఇది ఎట్ల వచ్చిందో చెప్తా. విన్నంక ఏసుకోండి."

ఆఫ్రికా తీరంలో మనుషుల్ని పట్టి, గొలుసులు వేసి, ఓడల అడుగున పక్కకు తిరిగే వీలు కూడా లేకుండా పడుకోబెట్టి తీసుకుపోవడం గురించి చెప్పాను. దారిలో చచ్చిపోయినవాళ్ళను సముద్రంలో పడేయడం గురించి చెప్పాను. బతికి ఒడ్డుకు చేరినవాళ్ళను సంతలో నిలబెట్టి అమ్మడం, తల్లిని ఒకరికీ పిల్లను ఒకరికీ అమ్మడం, చెరకు తోటల్లో కొరడా కింద పని చేయించడం, అన్నీ చెప్పాను. ఓడ లోపల మనుషుల్ని ఎలా పేర్చేవారో చూపించే పాత బొమ్మను నల్లబల్ల మీద అంటించాను. వరసలు వరసలుగా ఉన్న ఆ చిన్న ఆకారాలు మనుషులని పిల్లలకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"ఇంగ్లండ్‌ల చాయ్ తాగే ప్రతి ఇంట్ల ఆ చక్కెరనే ఉండేది," అన్నాను. "అప్పుడు కొందరు ఆ చక్కెర కొనొద్దని అనుకున్నరు. అండ్ల ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళకు ఓటు లేదు. కానీ ఇంట్లకు ఏ సరుకు రావాల్నో చెప్పేది వాళ్ళే. ఇల్లిల్లూ తిరిగి ఎందుకు మానేయాల్నో చెప్పిండ్రు. ఊరూరా సంతకాలు పెట్టించి పార్లమెంటుకు పంపిండ్రు. ఇప్పుడు చెప్పండి, ఎవరికి చక్కెర కావాలె?"

ఎవరూ ప్యాకెట్ దగ్గరికి రాలేదు. నిజానికి అది మన దగ్గరి ఫ్యాక్టరీలో చేసిన చక్కెరే, పాపం దానికేం సంబంధం లేదు. అయినా ఆ రోజు తరగతి మొత్తం చేదు చాయే తాగింది.

"మరి వాళ్ళు చక్కెర లేకుండనే ఉన్నరా మేడం?" అని వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది.

"కొందరు అట్లనే ఉన్నరు. కొందరు మన దేశం నుంచి వచ్చిన చక్కెర కొన్నరు. అది బానిసలు చేసింది కాదని అక్కడి దుకాణాలల్ల చెప్పుకునేటోళ్ళు."

కిటికీ దగ్గరి అబ్బాయి తల పైకెత్తాడు. "అంటే మన దగ్గర అంత మంచిగనే ఉండెనా మేడం? మన దగ్గర గసువంటిది లేకుండెనా?"

గంట కొట్టారు. "రేపు చెప్తా," అన్నాను. ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకుంటూనే ఉన్నాను. రావాలని కోరుకున్నాను కూడా.

మర్నాడు మా నానమ్మ గురించి చెప్పాను. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో దొర గడి, కోటంత ఇల్లు, ఉండేది. నానమ్మ వాళ్ళమ్మ ఆ గడిలో వెట్టి చేసేది. వెట్టి అంటే కూలి ఇవ్వని పని. పిలిస్తే పోవాలి, పోనంటే కుదరదు. ఇంట్లో పసిపిల్ల ఏడుస్తున్నా, పొయ్యి మీద గంజి ఉడుకుతున్నా ముందు గడికి పోయి వడ్లు దంచి రావాలి. నానమ్మ కొంచెం ఎదిగాక ఆమెను కూడా వెంట తీసుకుపోయేది. గడికి ముందు పెద్ద దర్వాజ ఉండేది. వీళ్ళు ఆ దర్వాజ వైపు చూడటానికి కూడా లేదు, చుట్టూ తిరిగి వెనక నుంచి పోవాలి.

నేను పుట్టేనాటికి దొరా లేడు, వెట్టీ లేదు. మా నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఊరి నుంచి నానమ్మను తీసుకొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆటో దిగి గేటు దగ్గర నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే, "వెనక దర్వాజ ఏ దిక్కున్నది కొడుకా?" అని అడిగింది.

"అమ్మా, గిది మనం కిరాయి కట్టే ఇల్లు. దీనికి ఒక్కటే దర్వాజ. ముందల్నుంచే రా," అన్నాడు నాన్న.

నానమ్మ చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. ఎండాకాలం కావడంతో మెట్టు కాలుతున్నా చెప్పులు తొడుక్కోలేదు.

ఇది చెప్పి ఆగాను. అప్పుడు రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచింది. మితభాషి. వాళ్ళది కోస్తా వైపు నుంచి వచ్చిన కుటుంబం, బడికి దగ్గర్లోనే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటారు.

"మేడం, మా లిఫ్ట్ పక్కన ఒక బోర్డు ఉంది. పనివాళ్ళు, డెలివరీ వాళ్ళు మెట్ల మీదుగానే వెళ్ళాలని రాశారు. అది కూడా వెనక తలుపు లాంటిదే కదా?"

కిటికీ దగ్గరి అబ్బాయి వెంటనే అడ్డం తగిలాడు. అదే అపార్ట్‌మెంట్‌లో వాడిది కింది ఫ్లోరు. "అది బానిసత్వం ఎట్లయితది? వాళ్ళకు జీతం ఇస్తరు కదా."

తరగతి రెండుగా చీలిపోయింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను కాసేపు మాట్లాడనిచ్చి, బల్ల మీద డస్టర్‌తో కొట్టాను.

"వాడు చెప్పింది నిజం. అది బానిసత్వం కాదు," అన్నాను. "మెట్లెక్కే పనామెను ఎవరూ కొనలేదు, అమ్మలేరు. పని నచ్చకపోతే మానేయొచ్చు. ఓడల అడుగున గొలుసులేసి తెచ్చిన మనుషులకూ, లిఫ్ట్ ఎక్కనియ్యని మనిషికీ ఒకటే పేరు పెడితే ఆ ఓడలల్ల చచ్చిపోయినోళ్ళను మనం చిన్నగ చేసినట్టయితది. ఇది నోట్స్‌ల రాసుకోండి. కానీ ఆ అమ్మాయి అడిగింది కూడా మంచి ప్రశ్న. బానిసత్వం కాకపోతే మరి ఆ బోర్డు ఏంది? ఎందుకు పెట్టిండ్రు? ఇంటికాడ ఆలోచన చేసి రండి."

ఆలోచించుకుని రమ్మన్నాను, అంతే. వాళ్ళు ఆలోచనతో ఆగలేదు.

వారం పది రోజుల తర్వాత ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిపించారు. ఆమె గదిలో ఆ అమ్మాయి తండ్రి కూర్చుని ఉన్నాడు. ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, పైగా ఆ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు సెక్రటరీ. కోపంగా వచ్చిన మనిషే, కానీ నేను రాగానే లేచి నమస్కారం పెట్టాడు.

"టీచర్ గారూ, మీరు పాఠం చాలా బాగా చెబుతారని మా అమ్మాయి రోజూ అంటుంది. దానికి నాకేం అభ్యంతరం లేదండీ. కానీ వారం నుంచి మా పిల్ల లిఫ్ట్ ఎక్కట్లేదు. మాది ఐదో అంతస్తు. ఆ బోర్డు తీసేదాకా ఎక్కదట. ఇంగ్లండ్‌లో ఎవరో చక్కెర మానేశారు, నేను లిఫ్ట్ మానేశా అంటోంది. బానిసత్వం కాకపోయినా తప్పు తప్పే అని కింది ఫ్లోర్ కుర్రాడు కూడా తోడయ్యాడు."

"వాడు కింది ఫ్లోరే కదండి," అన్నాను.

"అదేనండీ నా బాధ. వాడికి లిఫ్ట్‌తో పనే లేదు. రోజూ మా పిల్లతో పాటు పైదాకా ఎక్కి, మళ్ళీ దిగి పోతున్నాడు. అది చాలదన్నట్టు ఇప్పుడు మా అమ్మ కూడా మొదలుపెట్టింది. మోకాళ్ళ నెప్పులండీ ఆవిడకి. రెండో అంతస్తు దాకా వచ్చి మెట్ల మీద కూలబడిపోతోంది."

నవ్వు ఆపుకున్నాను. "మెట్లెక్కమని నేను చెప్పలేదండి. చెప్పి ఉంటే చెప్పిన అనే అంటా."

"మరెందుకు ఇదంతా?"

"ఆ బోర్డు తప్పు అని వాళ్ళకు అనిపించింది. తప్పు అనిపించిన దానితోటి వచ్చే సుఖం తమకొద్దని అనుకున్నరు. గా పద్ధతి నేను చెప్పిన పాఠంల నుంచే నేర్చుకున్నరు, నిజమే. గా పాఠం చెప్పినందుకు నాకు సంతోషంగనే ఉన్నది."

ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే మేం బానిసల్ని పెట్టుకున్నామంటారా?"

"లేదండి. అది బానిసత్వం కాదని క్లాసుల నేనే చెప్పిన. మీ అమ్మాయిని అడగండి, అదే చెప్తది."

ఆ మాటతో ఆయన కాస్త చల్లబడ్డాడు. నిజంగానే నొచ్చుకున్నాడని అప్పుడు తెలిసింది నాకు. ఆ బోర్డు పెట్టింది ఆయన కూడా కాదట. అంతకు ముందున్న కమిటీ పెట్టింది, ఎవరూ పట్టించుకోక అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అని అడిగాడు.

"ఆదివారం మీ మీటింగ్ ఉంటదట కదా. పిల్లల్ని మాట్లాడనియ్యండి. విన్నంక మీకేది మంచిగనిపిస్తే అది చేయండి."

చూద్దాం అని వెళ్ళిపోయాడు. ప్రిన్సిపాల్ మేడం తల పట్టుకున్నారు. "ఇయ్యాల ఈయన వచ్చిండు, రేపు ఇంకొకరు ఒస్తరు. సిలబస్ అయిందా అని అడిగితే నేనేం చెప్పాలె?"

"సిలబస్ అయిపోతది మేడం. గీ పాఠంల పరీక్షకు ఏది అడిగినా మా క్లాసుల రాయనోళ్ళు ఉండరు. నాది పూచీ," అన్నాను. ధైర్యానికి అన్న మాట కాదు. ఆ పిల్లల్ని చూస్తే ఎవరైనా అదే అంటారు.

అసలు చిక్కు వేరే వైపు నుంచి వచ్చింది. మర్నాడు ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు పెట్టుకుని వచ్చింది. వాళ్ళ ఇంట్లో పని చేసే ఆమెకు సంగతి చెప్పిందట. ఆమె సంతోషిస్తుందనుకుంటే గయ్యిమని లేచిందట. "ఎవలు చేయమన్నరు మిమ్మల్ని? రేపు నా పని పోతే మీరు ఇస్తరా?" అని అడిగిందట.

"మేం ఆవిడ కోసమే చేస్తుంటే ఆవిడకే కోపం వచ్చింది మేడం," అంది ఆ అమ్మాయి.

పాఠంలో రెండో సగం చెప్పడానికి అంతకంటే మంచి రోజు దొరకదు నాకు. ఓడ బొమ్మ తీసి పక్కన పెట్టాను. బానిసగా అమ్ముడుపోయి, తన స్వేచ్ఛను తానే సంపాదించుకుని, ఇంగ్లండ్‌లో ఊరూరా తిరిగి తన కథ తానే చెప్పుకున్న ఒకాయన గురించి చెప్పాను. తోటల నుంచి పారిపోయి కొండల్లో ఊళ్ళు కట్టుకున్నవాళ్ళ గురించి చెప్పాను. ఒక చక్కెర దీవిలో బానిసలే తిరగబడి, సైన్యాలతో పోరాడి గెలిచిన సంగతి చెప్పాను.

"చక్కెర మానేసినోళ్ళు మంచివాళ్ళే," అన్నాను. "కానీ ఆ దెబ్బ తిన్న మనిషి నోరు తెరిచి చెప్పకపోతే ఇంగ్లండ్‌ల ఎవరికి తెలుస్తుండె? వాళ్ళు అడిగితేనే, కొట్లాడితేనే మిగతావాళ్ళు కదిలిండ్రు. సరే, నువ్వు ఆమెను ఏమడిగినవ్?"

"ఏమీ అడగలేదు మేడం. చెప్పాను, అంతే."

"అయితే పోయి అడుగు."

"మీరు కూడా వస్తారా?"

శనివారం మాకు ఒంటిపూట బడి. పిల్లలిద్దరితో కలిసి ఆ అపార్ట్‌మెంట్‌కు నడిచి వెళ్ళాను. సెల్లార్‌లో బైకుల వెనక, విప్పిన అట్టపెట్టెల మీద కూర్చుని పనివాళ్ళు అన్నం తింటున్నారు. ఆ అమ్మాయి ఇంట్లో పని చేసే ఆమెకు దాదాపు నా వయసే ఉంటుంది. వాళ్ళది చౌటుప్పల్ వైపు ఊరు, ఇప్పుడు హయత్‌నగర్‌లో కిరాయి గదిలో ఉంటోంది. ఆమె పక్కన ఇంకో ముసలామె, ఇద్దరు ముగ్గురు పడుచు ఆడవాళ్ళు ఉన్నారు.

"అక్కా, నేను ఈ పిల్లల టీచర్‌ని," అన్నాను.

"మీరేనా మేడం పిల్లలతోటి మెట్లెక్కిస్తున్నది?" అంది. పక్కవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి అట్టపెట్టె మీద కూర్చున్నాను.

ఆ అమ్మాయి నిలబడే మాట్లాడింది. "ఆంటీ, మిమ్మల్ని అడక్కుండా మొదలుపెట్టాం. తప్పే. ఇప్పుడు మీకేం కావాలో అడుగుదామని వచ్చాం."

ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టి ఆ పిల్ల వైపు చూసింది. "నిజంగ అడుగుతున్నవా, ఊకెనే అడుగుతున్నవా?"

"నిజంగానే."

"అయితే విను బిడ్డా. నాకు లిఫ్ట్ గురించి పరేషాన్ లేదు. మెట్లెక్కుడు అలవాటే. మాకు బాత్రూం లేదు. పొద్దున బస్సెక్కినప్పటి సంది మళ్ళ ఇంటికి పోయేదాంక ఆపుకోవాలె. దూపయితే నీళ్ళు తాగాల్నంటే భయం. గా మూలకు బాత్రూం ఉన్నది, చూడు. కట్టినప్పుడు మా అసువంటోళ్ళ కోసమే కట్టిండ్రట. పెయింట్ డబ్బాలు పెట్టి తాళమేసిండ్రు."

కిటికీ దగ్గరి అబ్బాయి లేచి ఆ మూలకు వెళ్ళాడు. తలుపుకున్న తాళం పట్టుకుని చూశాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ సెల్లార్‌లో సైకిల్ తొక్కిన పిల్లవాడు. "ఇది స్టోర్ రూం అనుకున్న మేడం," అన్నాడు నెమ్మదిగా.

"నాకైతే లిఫ్ట్ కూడ కావాలె," అంది ముసలామె, అన్నం కలుపుతూ. "నా మోకాళ్ళు పోయినయి. ఆమెకు ఒద్దంటే నాకు ఒద్దా?"

అందరూ మళ్ళీ నవ్వారు. కానీ ఆ మాటను పిల్లలిద్దరూ విన్నారు. పనివాళ్ళందరిదీ ఒకే కోరిక అనుకోకూడదని నేను వేరే చెప్పనక్కర్లేకపోయింది.

"మీటింగ్‌లో రెండూ మేం చెప్తాం ఆంటీ," అంది ఆ అమ్మాయి.

ఆమె తల అడ్డంగా ఊపింది. "మీరు చెప్తే పిల్లలు ఏదో చెప్పిండ్రులే అంటరు. నేనే చెప్తా. కానీ జర నా పక్కన నిలబడుండ్రి. ఒక్కదాన్నే పోతే రేపు మాట పడాల్సొస్తది."

ఆ సాయంత్రం పిల్లలు ఆ రెండూ కోరుతూ ఒక విన్నపం రాసి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించారు. సంగతులన్నీ తర్వాత నాకు చెప్పారు. కొందరు చదవకుండానే పెట్టేశారు. ఒకాయన నాలుగుసార్లు చదివి, కామా ఎక్కడ పెట్టాలో సరిదిద్ది, సంతకం మాత్రం పెట్టలేదు. ఒకావిడ లోపలికి పిలిచి జంతికలు పెట్టి, చదువెలా సాగుతోందని అడిగి, తన భర్త వచ్చాక చెబుతానని పంపేసింది. సంతకం పెట్టనివాళ్ళ తలుపు కూడా మళ్ళీ కొట్టారట. నేను నేర్పిన చరిత్రలో అలాగే చేశారు కదా అన్నాడు కిటికీ దగ్గరి అబ్బాయి.

ఆదివారం పొద్దున మీటింగ్. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నన్ను కూడా రమ్మని ఆ సెక్రటరీయే కబురు పెట్టాడు. వెళ్ళి వెనక కూర్చున్నాను. నోరు విప్పకూడదని ముందే నిర్ణయించుకున్నాను. నీళ్ళ ట్యాంకర్ గురించి, గోడల రంగు గురించి చాలాసేపు నడిచాక ఆయన లేచి, "పిల్లలు ఏదో చెబుతారట, వినండి," అన్నాడు.

ఆ అమ్మాయి విన్నపం చదివింది. చదవడం అయ్యాక, "ఇది మా మాట. వాళ్ళ మాట వాళ్ళే చెబుతారు," అని పక్కకు జరిగింది. పనిచేసే ఆమె ముందుకు వచ్చింది. మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది ఆ రోజు. మాకు చెప్పిన మాటలే చెప్పింది, ఇంకా మెల్లగా, ఇంకా సూటిగా. ముసలామె మోకాళ్ళ సంగతి కూడా చెప్పింది.

ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన అడిగాడు. "అంతా బాగానే ఉందమ్మా. మరి ఆ బాత్రూం ఎవరు కడుగుతారు?"

"మేము వాడుకునేది మేమే కడుక్కుంటం సార్," అంది ఆమె. "మీ ఇండ్లల్లయి కూడా మేమే కదా కడిగేది."

గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్న సంగతి చెప్పింది.

అప్పుడు సెక్రటరీ తల్లి కుర్చీలోంచే మాట్లాడింది. "ఒరే అబ్బాయ్, మొన్న నేను మెట్ల మీద కూలబడినప్పుడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది ఈవిడే. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది. తను మాత్రం దాహం వేసినా తాగకుండా ఉంటుందని నాకేం తెలుసు? ముందు ఆ తాళం తియ్యి."

కొడుకు తాళంచెవి కోసం వాచ్‌మన్‌ను కేకేశాడు. మీటింగ్ ముగియకముందే తలుపు తెరుచుకుంది. పెయింట్ డబ్బాలు మోసి బయట పెట్టినవాళ్ళలో మా కిటికీ అబ్బాయి, వాళ్ళ నాన్న ఉన్నారు. షాపు నుంచి బల్బు తెచ్చి బిగించింది కూడా ఆ తండ్రే.

లిఫ్ట్ సంగతి అంత తేలిగ్గా తెగలేదు. కొందరు ఒప్పుకోలేదు. లిఫ్ట్ పాడవుతుందన్నారు, రద్దీ అవుతుందన్నారు. వచ్చే నెలకు వాయిదా వేశారు. పిల్లలు మాత్రం మెట్లెక్కడం మానలేదు. వేరే ఫ్లోర్ల పిల్లలు ఇంకొందరు కలిశారు. నెల తర్వాత చేతులెత్తి ఓటు వేసినప్పుడు బోర్డు తీసేయాలన్నవాళ్ళే ఎక్కువయ్యారు. సెక్రటరీ తన చేత్తోనే దాన్ని పీకాడు. జిగురు మరకలు మాత్రం గోడ మీద ఉండిపోయాయి. ఆ రోజు సాయంత్రం ఆ అమ్మాయి, వాళ్ళ నాయనమ్మ, మోకాళ్ళు పోయిన ముసలామె ముగ్గురూ ఒకేసారి లిఫ్ట్ ఎక్కారని మర్నాడు తరగతిలో ఆ అమ్మాయే చెప్పింది. లోపల ముసలామె అద్దంలో చూసుకుని కొంగు సర్దుకుందట.

నేను పాఠం ముగించాలి కదా. చివరి రోజు పుస్తకంలో లేని సంగతి ఒకటి చెప్పాను. ఇంగ్లండ్‌లో మొదట ఆపింది మనుషుల్ని కొని అమ్మే వ్యాపారాన్ని మాత్రమే. అప్పటికే తోటల్లో ఉన్న బానిసలు ఇంకా చాలా ఏళ్ళు బానిసలుగానే ఉన్నారు. ఆఖరికి వాళ్ళను విడిపించినప్పుడు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. అది ఇచ్చింది యజమానులకు. పని చేసినవాళ్ళకు ఏమీ ఇవ్వలేదు.

"ఏంది మేడం ఇది?" అన్నాడు కిటికీ దగ్గరి అబ్బాయి. "దెబ్బలు తిన్నోళ్ళను వదిలేసి, కొట్టినోళ్ళకు ఇచ్చిండ్రా?"

"అవును."

"మరి అది గెలిచినట్టు ఎట్లయితది?"

"గెలిచినట్టే. ఆ రోజు నుంచి ఎవరూ వాళ్ళ పిల్లల్ని అమ్మలేకపోయిండ్రు. గది చిన్న ముచ్చట కాదు. అయినా బాకీ మిగిలింది, దాని గురించి ఇప్పటికీ అడుగుతున్నరు. రెండూ రాయండి పరీక్షల."

రాశారు. నేను ప్రిన్సిపాల్ మేడంకు ఇచ్చిన మాట పోలేదు. ఆమె పేపర్లు కొన్ని తిరగేసి చూసి, పక్క సెక్షన్‌కు కూడా ఈ పాఠం నన్నే చెప్పమన్నారు. చాయ్ మాత్రం ఈసారి చక్కెర వేసి తనకు కూడా పంపమన్నారు.

పరీక్షల రోజుల్లో ఒక మధ్యాహ్నం ఎల్బీనగర్ బస్టాపులో, ఆ అమ్మాయి ఇంట్లో పని చేసే ఆమె కనిపించింది. తనే వచ్చి పలకరించింది.

"మేడం, మా వెనక సందుల అపార్ట్‌మెంట్ల కూడా అడిగినం. అక్కడ బాత్రూమే కట్టలేదు. కట్టిస్తమని ఒప్పుకున్నరు. జాగ కూడ చూపిచ్చిండ్రు."

"మంచిగైంది అక్కా. పిల్లల్ని తీసుకపోయిండ్రా?"

"లేదు మేడం, వాళ్ళకు పరీక్షలున్నయట కదా. మేమే పోయినం. గక్కడ పనిచేసేటోళ్ళు, మేము, అందరం కలిసి పోయినం."

ఎవరు మాట్లాడారని అడిగాను. ముసలామె మాట్లాడిందని చెప్పింది. ఎవరూ ఆపలేకపోయారట, ఆఖరికి చాయ్ ఇచ్చి కూర్చోబెట్టారట. చెబుతూ చెబుతూ తనే గట్టిగా నవ్వింది. ఈలోగా హయత్‌నగర్ బస్సు వచ్చింది. జనాన్ని నెట్టుకుంటూ ఎక్కి, కిటికీ దగ్గర సీటు దొరికాక సంచిలోంచి నీళ్ళ బాటిల్ తీసి, మూత తిప్పి, సగం తాగేసింది.